కౌలు కార్డుకి ఆసామి సంతకం పెట్టనంటే దారేంటి?

దాళ్వా_రైతు:
నమస్కారమండి. మాది తణుకు పక్క పల్లెటూరు. సొంతానికి సెంటు భూమి లేదు. తొమ్మిదేళ్లుగా ఒకే ఆసామి దగ్గర 4 ఎకరాలు కౌలుకి చేస్తున్నాను. కౌలు ఎకరానికి సార్వా (ఖరీఫ్) పంటకి 14 బస్తాలు, దాళ్వా (రబీ)కి 16. పండినా మునిగినా అంతే కొలవాలి. కాయితం లేదు, నోటి మాటే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చేను కోసి పనల మీద ఉంది. నీళ్లు తీశాక ఒక పన ఎత్తి చూస్తే అడుగున వెచ్చగా ఉంది, కంకుల్లో తెల్లటి మొలకలు. ఈ-పంటలో (ఏ చేలో పంట ఎవరిదో ప్రభుత్వం రాసుకునే లెక్క) ఆసామి పేరే ఉంది కాబట్టి పరిహారం ఆయన ఖాతాలో పడింది. అడిగితే రెండు బస్తాలు తగ్గించుకోమన్నారు. పెట్టుబడికి తెచ్చిన వడ్డీ డబ్బు మటుకు తగ్గలేదు.

కౌలు కార్డుకి, అదే కౌలుదారుకిచ్చే సాగుదారు హక్కు కార్డుకి, సంతకం పెట్టమంటే "పెడితే భూమి పోద్దంటున్నారు మా పిల్లలు" అంటారు. ఆయన మంచివారే. ఎలా చెప్పాలి?

హైదరాబాద్_ఆసామి:
నేనూ భూమి కౌలుకిచ్చిన వాడినే. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1956 కౌలుదారీ చట్టం కింద కేసులు చూసి మా నాన్నగారు ఏ మనిషికీ వరుసగా మూడేళ్లు ఇచ్చేవారు కాదు. ఈ కార్డు ఇచ్చే 2019 చట్టం వేరు. కార్డు 11 నెలలకే, హక్కు పంట వరకే, భూమి హక్కు జోలికి రాదు. అది చదివాకే నేను సంతకం పెట్టాను. ఇంకోటి, ఆయన పాసుపుస్తకం మీద పంట రుణం తీసుకున్నారేమో కనుక్కోండి. అదే భూమికి బ్యాంకు మళ్లీ ఇవ్వదు. చాలామంది నోరు విప్పి చెప్పని కారణం అదే.

పత్తి_చేను, వరంగల్:
అన్నా, మీకు అడగనీకి కార్డన్న ఉంది. 2011 చట్టం కింద మా ఇంటాయనకు ఒక్కసారి రుణ అర్హత కార్డు ఇచ్చిన్రు, మళ్ల రాలే. 2018ల రైతుబంధు మొదలైనప్పటి సంది పైసలు పట్టాదారుకే పడ్డయి. మూడెకరాల పత్తి నేను ఏరిన, గోళ్ల సందుల్ల నెత్తురు నాది. కౌలు మాత్రం విత్తనం పెట్టకముందే కట్టాలె.

గోదారి_గట్టు:
అప్పుకైతే నలుగురు కౌలు రైతులు కలిసి జేఎల్‌జీ గ్రూపు (అప్పుకి అందరూ ఉమ్మడిగా పూచీ ఉండేది) కట్టండి, భూమి తాకట్టు అడగరు. మేం అలాగే తెచ్చుకున్నాం. ఈ-పంట రాసేటప్పుడు మీరే చేలో ఉండండి.

దాళ్వా_రైతు:
నిన్న ఫోన్ చేశానండి. బ్యాంకులో లోనున్న మాట నిజమే. నాకు అప్పు వద్దండి, పంట నా పేరున రాస్తే చాలన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. సంక్రాంతికి ఊరొస్తానన్నారు. చట్టం కాయితం తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, ప్రింటు తీసి పట్టుకెళ్తాను.