ఎబెనెజర్ రాతి కట్టడాన్ని బడి అనాలా?

వాసు_సిడ్నీ: మొన్న ఆదివారం పిల్లలతో సిడ్నీ దగ్గర హాక్స్‌బరీ నది పక్కన ఎబెనెజర్ అనే ఊరు వెళ్లొచ్చాం. 1809 నాటి ఇసుకరాతి చర్చి. ఆస్ట్రేలియాలో నిలిచి ఉన్న బడి భవనాల్లో ఇదే పాతదట. ఒకే కప్పు కింద చర్చి, బడి. మరి బడి అనొచ్చా?

శారద: అనకూడదు. కట్టింది ప్రార్థనకి. 1810లో లోపల ఒక పక్కన పిల్లల్ని కూర్చోబెట్టారు, అంతే.

రాతిగోడ: అంతే కాదు శారద గారూ. కట్టినవాళ్లలో చాలామంది 1802లో కోరమాండల్ అనే ఓడలో దిగారు. 1806లో వాళ్లు పెట్టుకున్న సంఘం పేరులోనే పిల్లల చదువు ఉంది. 1817లో పంతులుకి ఇల్లు కూడా కట్టారు. బడి లేకపోతే పంతులు ఇల్లు దేనికి?

శారద: ఇల్లు కట్టినంత మాత్రాన చర్చి బడి అయిపోదు.

కిరణ్: ఇద్దరూ రైటే, వదిలేయండి.

రాతిగోడ: ఎలా వదిలేస్తాం? మా ఊళ్లో తాత చదివిన రాతి బడిని ఒక్క రోజులో పడగొట్టారు. ఫొటో కూడా లేదు. విలువ తెలియనివాళ్లే పేర్ల దగ్గర పేచీ పెడతారు.

శారద: నాకు విలువ తెలియదా? సరే, అసలు మాట చెప్తాను. ఆ నది గట్ల మీద డారుగ్ అనే ఆదివాసీ జనం దుంపలు తవ్వుకుని బతికేవారు. 1794 నుంచి వలసవాళ్లు అక్కడ మొక్కజొన్న వేశారు, తర్వాత ఏళ్ల తరబడి చంపుకోవడాలే. 1815లో పారమట్టాలో ఆదివాసీ పిల్లలకీ ఒక బడి తెరిచారు, కన్నవాళ్ల నుంచి విడదీసి. 1819లో తెల్లపిల్లలతో కలిపి పరీక్ష పెడితే పద్నాలుగేళ్ల ఆదివాసీ అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. 1823లో ఆ బడిని బ్లాక్‌టౌన్‌కి మార్చారు. ఇప్పుడక్కడ గడ్డి తప్ప గోడ లేదు. రాయి మిగిలిందే వారసత్వమైతే ఆ పిల్లలు ఎక్కడ?

రాతిగోడ: కోపంలో నోరు జారాను, ఏమనుకోకండి. కానీ నేను రాయి కావాలనేది కూడా అందుకేనండీ. మా తాతని ఆ బడి లోపలికి రానివ్వలేదు, వరండాలో కూర్చోబెట్టారు. నాన్న ఆ వరండా చూపించి చెప్పేవాడు. ఇప్పుడు నేను మా అబ్బాయికి చెబితే, "నిజంగానా?" అంటాడు. చూపించడానికి ఏమీ లేదు.

శారద: ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ లేదు కదండీ. అయినా బడి అని రాస్తే పక్కనే డారుగ్ వాళ్ల మాటా రాయాలి.

రాతిగోడ: రాయాలి. బోర్డు మీదే రాయాలి.

వాసు_సిడ్నీ: మేముండేది బ్లాక్‌టౌన్‌లోనే. ఆ స్థలాన్ని 2018లో డారుగ్ వాళ్లకి తిరిగి ఇచ్చారని తెలుసు, ఒక్కసారీ వెళ్లలేదు. ఈ శనివారం పిల్లల్ని తీసుకెళ్తాను.