తేలినీలాపురం పక్షుల చెట్లు: ఇంటివాళ్లకు డబ్బివ్వాలా?

టెక్కలి కుర్రాడు: శ్రీకాకుళం జిల్లాలో మా టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో పెలికాన్లు (గూడబాతులు), ఎర్రకాళ్ల కొంగలు ఏటా ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. గూళ్లున్న చెట్టు ఎవరి పెరట్లో ఉంటే ఆ ఇంటికి ప్రభుత్వం ఏటా కొంత డబ్బివ్వాలని నా వాదన. మీరేమంటారు?

పెరటి చింత: ఇవ్వాలి. మా అత్తగారి పెరట్లో చెట్టు ఉంది. చింతపండు దింపే రోజులకి పైన పిల్లలుంటాయి, ఎక్కడానికి లేదు. రెట్ట పడి ఆకు మాడిపోతుంది. తల్లి తెచ్చిన చేప జారి వాకిట్లో పడితే ఎండకి ఆ కంపు భరించలేం. నూతి మీద రేకు వేయించాం, మా డబ్బులతోనే. అయినా ఇంతవరకూ ఒక్క కొమ్మ కొట్టలేదు.

రిటైర్డు మాస్టారు: పక్షులొస్తే వానలు, పంటలు బాగుంటాయని ఆ ఊరి పెద్దలు నమ్మారు కాబట్టే అవి బతికాయి. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన అతిథుల్ని అద్దె అడుగుతామా?

బైనాక్యులర్: మాస్టారూ, గూడబాతు సైబీరియా పక్షి కాదండీ. అది గూడు పెట్టేది ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియాల్లో. ఎర్రకాళ్ల కొంగా మనదే. సైబీరియా నుంచి చలికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు పెట్టవు.

రిటైర్డు మాస్టారు: పేపర్లో ఏటా సైబీరియా అనే రాస్తున్నారు బాబూ. అందరూ తప్పేనా?

బైనాక్యులర్: తప్పేనండీ. ఇది చిన్న విషయం కాదు. అతిథి అనుకుంటే, ఇక్కడ కుదరకపోతే సొంతూరికి పోతుందిలే అనిపిస్తుంది. దాని సొంతూరు ఇదే. మన రాష్ట్రంలో నేలపట్టు, ఉప్పలపాడు లాంటి కొద్ది చోట్లే అది పిల్లల్ని చేసేది.

కవిటి కొబ్బరి: మా వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలూ ఇళ్ల మధ్య చెట్ల మీదే ఉంటాయి. 2018 తిత్లీ తుఫానుకి కూలిన చెట్ల బదులు కొత్తవి ఎన్ని నాటారో ముందు అడగండి.

నౌపడా తంపర: సైబీరియా, చింతపండు, ఇదేనా గొడవ? పక్షి చెట్టు మీద పడుకుంటుంది, తినేది తంపరలో, అంటే ఇక్కడి చిత్తడి నేలలో. తంపరలో చేప లేకపోతే మీ చెట్టు ఖాళీయే. 2011లో తంపరలో థర్మల్ ప్లాంటు వద్దని కాకరాపల్లిలో జనం కాల్పుల్లో ప్రాణాలిచ్చారు. వాళ్లు చేపకీ చేనుకీ నిలబడ్డారు, పక్షులూ దానివల్లే తిన్నాయి. 2022 మొదట్లో గూడబాతులు వరసగా చచ్చిపోతే పొట్టలో పురుగులన్నారు. పక్షి తిన్న చేపతోనే ఆ పురుగులు వస్తాయి. ఎవరన్నా నీళ్ల గురించి మాట్లాడారా?

పెరటి చింత: నీళ్ల గురించి మీరు మాట్లాడండి, ఎవరొద్దన్నారు? రెట్ట కడిగేది మా అత్త.

నౌపడా తంపర: చెట్టుకింత అని డబ్బిచ్చేస్తే పక్షుల్ని కాపాడేశామంటారు. తంపర మాట ఇంకెవరూ ఎత్తరు. నా భయం అదే.

పెరటి చింత: మీ భయం మన తీరంలో కడుతున్న మూలపేట పోర్టు గురించి, సూటిగా చెప్పండి. మా తమ్ముడు డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నాడు. పోర్టొస్తే పనొస్తుందని ఇల్లంతా చూస్తోంది. పక్షి పేరు చెప్పి దాన్నీ ఆపమంటారా? పక్షి భారం మాది, పోర్టు నష్టం కూడా మాదేనా?

నౌపడా తంపర: అవును, పోర్టు గురించే. దానితోపాటు రోడ్లూ గోడౌన్లూ తంపర వైపు జరుగుతాయి. మీ తమ్ముడికి పని రావద్దని నేననలేదు. పిల్లకాలువలు పూడ్చితే మా ఇళ్లల్లో వల పట్టే పని పోతుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

టెక్కలి కుర్రాడు: నేనడిగింది చెట్టు డబ్బు గురించండీ...

బైనాక్యులర్: చెట్టూ తంపరా వేరు కాదు తమ్ముడూ, ఆయన చెప్పింది నిజం. కానీ ఆ ఇంటివాళ్లు విసిగిపోయి కొమ్మలు కొట్టేస్తే తంపర నిండా చేపలున్నా లాభం లేదు.

పెరటి చింత: గ్రామసభలో అర్జీ పెడదాం. చెట్టున్న ఇంటికి డబ్బివ్వాలి, తంపరకి నీరొచ్చే దారి పూడ్చకూడదు. రెండూ ఒకే కాగితం మీద. సంతకం పెడతారా?

నౌపడా తంపర: పోర్టు మాట అందులో ఉంటుందా?

పెరటి చింత: ఉండదు. పోర్టు మాకు కావాలి.

నౌపడా తంపర: అయితే కాలువల పేర్లు ఒక్కొక్కటీ రాయండి. చదివాక చెప్తాను.