టీకా వేయించుకోని అమ్మకు యాంటీబాడీలు తగ్గాయి, రక్షణ పోయినట్టేనా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. 2021 మేలో సెకండ్ వేవ్‌లో కోవిడ్ వచ్చి తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. తర్వాత ఎంత బతిమాలినా టీకా వేయించుకోలేదు. "ఒకసారి వచ్చి పోయిందిగా" అంటుంది.

ఈమధ్య పరీక్ష చేయిస్తే న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపలి ప్రోటీన్) యాంటీబాడీలు నెగటివ్, స్పైక్ (వైరస్ పైన ముళ్లలా ఉండే ప్రోటీన్) యాంటీబాడీలు బాగా తక్కువ. అప్పట్నుంచీ నాకు ఒకటే దిగులు.

యాంటీబాడీలు నెలల్లో తగ్గినా టి కణాలు (వైరస్ సోకిన కణాలను గుర్తుపట్టి చంపే తెల్ల రక్తకణాలు), మెమరీ బి కణాలు (వైరస్‌ను గుర్తుంచుకుని మళ్లీ యాంటీబాడీలు తయారుచేయించేవి) చాలాకాలం ఉంటాయని చదివాను. 2003లో సార్స్ (కోవిడ్ వైరస్‌కు దగ్గరి వైరస్‌తో వచ్చే జబ్బు) వచ్చినవాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా టి కణాలు కనిపించాయని 2020లో సింగపూర్ పరిశోధకులు చూపించారు. ఒమిక్రాన్‌ను కూడా టి కణాలు చాలావరకు గుర్తుపడతాయి. కానీ అవి ప్రధానంగా జబ్బు ముదరకుండా కాపాడేవే, సోకకుండా ఆపేవి కావు కదా. షుగర్ ఉన్న పెద్దావిడకు ఆ భరోసా సరిపోతుందా?

డాక్టర్లు, ఇమ్యునాలజీ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. టి కణాల పరీక్ష హైదరాబాద్‌లో మామూలు ల్యాబుల్లో చేస్తారా? చేసినా ఆ రిపోర్టును బట్టి ఏమైనా తేల్చగలమా? ఇప్పుడు ఒక్క డోసు వేయించినా మేలేనా? మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లను ఒప్పించి ఉంటే, ఏం చెప్పి ఒప్పించారు?