సమస్య: "కుళ్ళిపోయిన ద్రాక్షయే గొప్పదయ్యె"

నిర్వాహకుడు: హంగరీలోని టోకాయ్ సీమలో బూజు పట్టిన ఫుర్మింటు వంటి తెల్లద్రాక్షను పండుకు పండుగా ఏరి, 'అసూ' అనే తీయని వైన్ చేస్తారని చదువుతూ ఉండగా ఈ పాదం తట్టింది. దయచేసి పూరణలు ఆ సీమ దాటి మన పెరటి పందిళ్ళకు పోకుండా చూడండి.

యతిప్రియ:
నదులు రెండును గలిసిన నాట, మంచు
పొగలు పొదువంగ ఫుర్మింటు పొరలలోన
బూజు తేనెను గూర్చెను బుడమి మెచ్చ
కుళ్ళిపోయిన ద్రాక్షయే గొప్పదయ్యె

వలపలగిలక: బోద్రోగ్, టిసా నదుల శరత్కాలపు మంచును ఒకటిన్నర పాదంలో ఇమిడ్చిన నేర్పుకు నమస్కారం. అయితే యతి తప్ప మరేదీ చూడని యతిప్రియ గారికి 'మెచ్చ' అనేది ద్రుతాంతమని (చివర నకారం చేరే మాటని), దాని తర్వాత 'కుళ్ళి' కాక 'గుళ్ళి' రావాలని, ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు మనకు లేదని గుర్తు చేయవలసి వస్తున్నది. పైగా బూజు తేనెను కూర్చదు. అది తొక్కకు సన్నని తూట్లు పొడవగా లోపలి నీరు ఆవిరైపోయి, ఉన్న తీపే చిక్కబడుతుంది.

యతిప్రియ: ద్రుతం విషయంలో తప్పు నాదే. కానీ పోయిన నెల పూరణలో జార్జియా వారి ర్కత్సిటెలిని ఎర్రద్రాక్షగా వర్ణించినవారు నాకు వృక్షశాస్త్రం చెప్పడం విడ్డూరంగా ఉన్నది. ఆ పేరులోని ఎరుపు కొమ్మది, పండు తెల్లద్రాక్షే. దాని రసాన్ని తొక్కలతో సహా భూమిలో పాతిన క్వెవ్రి బానల్లో నెలల తరబడి ఉంచుతారు కనుక ఆ వైన్‌కు తేనెరంగు వస్తుంది. ఆ పద్ధతిని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది కూడా.

వలపలగిలక: ఆ పొరపాటును అప్పుడే ఒప్పుకున్నాను. ఇదిగో నా పూరణ. 'కుళ్ళు'కు మనవాళ్ళు వాడే రెండో అర్థాన్ని తీసుకున్నాను.

తోడి ఫుర్మింటు పులుపునఁ దొలుతఁ గలిసి
తావి నొసఁగియుఁ దన పేరు దలఁపరనుచు
ఆకు పోలిక పేరుతో నలరునట్టి
కుళ్ళిపోయిన ద్రాక్షయే గొప్పదయ్యె

నిర్వాహకుడు: లిండెన్ చెట్టు ఆకును పోలినదని పేరు పడ్డ హార్ష్‌లెవెల్యూ ద్రాక్షను, ఫుర్మింటు పక్కన నిలబెట్టి ఈర్ష్యపడేలా చేయడం బాగున్నది. అసూ ఉన్నచోట అసూయ ఉండదా! నిజానికి లీటరుకు 120 గ్రాములకు తగ్గని చక్కెర ఉన్నా అసూ వైన్ మొహం మొత్తదంటే, అది ఫుర్మింటు పులుపు చలవే. అందుకే 'పులుపున' అన్న మాటను రెండుసార్లు చదువుకున్నాను.

యతిప్రియ: చమత్కారం ఒప్పుకుంటాను. అయితే ఈర్ష్య పడినందువల్ల ఆ ద్రాక్ష ఎలా గొప్పదైనదో పద్యం చెప్పలేదు. అసలు సంగతి తావిలో ఉన్నది, అది రెండో పాదంలోనే ముగిసిపోయింది. నా మూడో పాదాన్ని మాత్రం ఇలా సవరిస్తున్నాను. ద్రుతం, నీరు రెండూ ఒకేసారి పోయాయి:

బూజు నీరెల్ల హరియించెఁ బుడమి మెచ్చు