పాత బ్లాగును మళ్లీ నిలబెట్టుకోవాలి, తోటి బ్లాగర్లతో కలిసి మీరెట్లా చేస్తున్నారు?

పల్లెబాట (అనంతపురం)

అందరికీ నమస్తే. మన వైపు ఊళ్లు, కోటలు, జాతరలు, శెనక్కాయ చేలు, పొద్దున్నే హోటళ్లలో దొరికే ఉగ్గాని బజ్జీ, ఇట్లాంటివన్నీ రాసుకునే బ్లాగు ఒకటి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను, బ్లాగ్‌స్పాట్‌లో. మొదట్లో తెలుగు టైపింగ్ సైటు లేఖినిలో టైపు చేసి పోస్టు వేస్తే, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలోనో హారంలోనో చూసి, ఎక్కడో అమెరికాలో ఉన్న తాడిపత్రి మనిషి వచ్చి "మా వీధి రాశారే" అని వ్యాఖ్య పెట్టేవాళ్లు. 2013 జూలైలో, మనం చదివే బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్ మూసేశారు, జనం ఫేస్‌బుక్‌కు పోయారు, వ్యాఖ్యలు తగ్గిపోయాయి. నేను రాయడం మాత్రం ఆపలేదు.

ఇప్పుడు దాన్ని గట్టిగా బాగుచేయాలని కూర్చున్నాను, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పాత పోస్టుల్లో సగం ఫోటోలు కనిపించవు, అప్పట్లో వేరే ఒక ఉచిత ఫోటో సైటులో పెట్టి ఇక్కడ లింకు ఇచ్చాను, ఆ సైటు వాళ్లు నిబంధనలు మార్చేసరికి అన్నీ ఖాళీ డబ్బాలయ్యాయి. జిల్లాల సంగతి ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4 నుంచి లేపాక్షి, పెనుకొండ, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, నా బ్లాగులో అవన్నీ ఇంకా "అనంతపురం జిల్లా" కిందే ఉన్నాయి. కొత్తగా చదివేవాళ్లకు అది తప్పుగానే కనిపిస్తుంది కదా.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే. కర్నూలు, కడప, అనంతపురం వైపు రాసేవాళ్లం కొంతమందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. అందరూ మంచివాళ్లే. ఎవరు లింకు పెట్టినా దండాలు, పూలగుత్తులు, "సూపర్" అని వస్తాయి, అంతే. ఎక్కడ బాగాలేదో, ఏది తప్పో ఒక్కరూ చెప్పరు, నేనూ ఎవరికీ చెప్పను, నొచ్చుకుంటారేమోనని. ఇట్లా ఉంటే ఒకరి వల్ల ఒకరు ఎప్పుడు బాగుపడతాం? దీన్ని ఎట్లా మార్చుకోవాలి? ఇంట్లోవాళ్లేమో "ఇంకా బ్లాగేంది, యూట్యూబ్ పెట్టు" అంటున్నారు. నాకు రాయడమే ఇష్టం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అక్కా, ఏదీ ముట్టుకోకముందు బ్యాకప్ తీసుకోండి. సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్లాగ్ అని ఉంటుంది, దాని కింద బ్యాకప్ కంటెంట్ నొక్కి, అది చూపించినట్టు ఫైలు దించుకోండి. అందులో పోస్టులు, వ్యాఖ్యలు వస్తాయి, ఫోటోలన్నీ వస్తాయని మాత్రం నమ్ముకోవద్దు. చాలామంది ఆ ఫైలు ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు, అందుకే చెప్తున్నా. ఫోటోలు విడిగా ఒక హార్డ్ డిస్కులో, ఊరి పేరుతో ఫోల్డర్లు చేసి పెట్టుకోవాల్సిందే.

పోయిన ఫోటోల కోసం, పాత వెబ్ పేజీల ప్రతులు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో మీ బ్లాగు అడ్రసు కొట్టి, పాత తేదీల్లో ఒక్కొక్క పోస్టూ తెరిచి చూడండి. అన్నీ దొరకవు, దొరికినవాటిని దించుకుని ఈసారి నేరుగా బ్లాగులోకే ఎక్కించండి. అదే సైటులో సేవ్ పేజ్ నౌ అని ఉంటుంది, కొత్త పోస్టు వేసిన ప్రతిసారీ దాని లింకు అక్కడ ఇస్తే ఆ రోజు తేదీతో ఒక ప్రతి భద్రంగా ఉండిపోతుంది. మా స్నేహితుల్లో ఎవరు పోస్టు వేసినా మిగతావాళ్లలో ఒకరు ఈ పని చేసేస్తారు, అదొక అలవాటుగా పెట్టుకున్నాం.

ఇంకొకటి, చాలా ముఖ్యం. మీ పాత పోస్టుల అడ్రసులు ఒకసారి చూడండి. శీర్షిక మొత్తం తెలుగులో పెడితే బ్లాగ్‌స్పాట్ దానికి "బ్లాగ్ పోస్ట్" అనీ, దాని పక్కన ఏదో ఒక అంకె వేసీ అడ్రసు తయారుచేస్తుంది. చూసినవాడికి అది గండికోట పోస్టో గోంగూర పోస్టో అర్థం కాదు. ఇకనుంచి పోస్టు ప్రచురించే ముందే పక్కన పర్మాలింక్ (పోస్టు అడ్రసు) దగ్గర ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మీరే రాయండి. పాతవాటి జోలికి మాత్రం వెళ్లకండి, అడ్రసు మారిస్తే ఇంతకాలం ఎవరెవరో ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. తప్పనిసరై ఒకటీ రెండూ మార్చినా, సెట్టింగ్స్‌లో రీడైరెక్ట్ పెట్టి పాత అడ్రసు కొత్తదానికి వెళ్లేలా చేయాలి.

మీ బ్లాగు ఇప్పుడే ఫోన్‌లో తెరిచి చూశాను. రాత బాగుంది, చదవడానికి కష్టంగా ఉంది. వరుసల మధ్య జాగా సరిపోవడం లేదు. ఇంగ్లీషుకు తయారుచేసిన థీమ్‌లన్నీ ఇంతే, మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, "రాష్ట్ర"లో కింది వత్తు వెళ్లి తర్వాతి వరుస తలకట్టుకు తగులుతోంది. థీమ్‌లో కస్టమైజ్, అందులో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి యాడ్ సీఎస్ఎస్ దగ్గర లైన్ హైట్ (వరుసల మధ్య జాగా) 1.8 అని పెట్టండి. రెండు అంచులూ సమానంగా లాగే జస్టిఫై తీసేయండి, మన మాటలు పొడవు కాబట్టి ఫోన్‌లో మధ్యమధ్య పెద్ద ఖాళీలు వస్తాయి. ఫాంటు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకోండి, రెండూ ఉచితమే. రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికలకు బాగుంటుంది, పోస్టు మొత్తానికి పెడితే కళ్లు లాగుతాయి. ఫోన్‌తో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది, దాన్ని వెడల్పు 1600 పిక్సెల్స్‌కు తగ్గించి ఎక్కించండి. పల్లెల్లో సిగ్నల్ సరిగా లేనిచోట కూర్చుని చదివేవాళ్లు ఉన్నారు.

---

కడప మాస్టారు

అమ్మా, సాంకేతిక విషయాలు ఆ తమ్ముడు చెప్పాడు కాబట్టి నేను మీ అసలు బాధ గురించి రాస్తాను. ఒకరి రాత ఒకరు సరిచూసుకోవడం.

వాట్సాప్ గ్రూపులో అది జరగదు, ఆశపడొద్దు. పదిమంది ముందు "ఇది తప్పు" అంటే ఎంతటి పెద్దమనిషికైనా మొహం చిన్నబోతుంది. మేమేం చేస్తామంటే, పోస్టు వేయకముందే చిత్తుప్రతిని ఒకే ఒక్కరికి పంపుతాం. ఎవరికి పంపాలంటే, రాసిన విషయం ఎవరి ఊరిదో వాళ్లకు. మంచి రచయితకో, బాగా దగ్గరి స్నేహితుడికో కాదు. దీనివల్ల ఎంత లాభమో చెప్తాను చూడండి. మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో దొర గురించి అనంతపురం వైపువాళ్లు రాసేటప్పుడు గుత్తిలో చనిపోయాడని రాసేస్తుంటారు. ఆయన 1827 జూలైలో కలరాతో చనిపోయింది పత్తికొండలో. గుత్తిలో పూడ్చారు, తర్వాత మద్రాసుకు తరలించారు. గుత్తిలో సమాధి ఉండేది కాబట్టి మరణం కూడా అక్కడే అనుకుంటారు. పత్తికొండ వైపు మనిషి ఒక్కడు ఆ చిత్తుప్రతి చదివితే ఆ తప్పు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే అది వాళ్ల ఊరి కథ, ఊరుకోడు.

అట్లాంటిదే ఇంకొకటి, కర్నూలు "ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని" అని రాయడం. 1953 అక్టోబర్ 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు దానికి రాజధాని. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న ఏర్పడింది, దాని రాజధాని హైదరాబాదు. ఒక్క మాట తేడా, కానీ ఈ తప్పు ఒక బ్లాగు నుంచి ఇంకో బ్లాగుకు, అక్కడి నుంచి వాట్సాప్‌కు, పిల్లల ప్రాజెక్టు వర్కుకు కూడా పాకిపోతుంది.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. "ఎట్లా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది, వాళ్ల తప్పు కాదది. "ఎక్కడ చదవడం ఆపేయాలనిపించింది? ఏ ముక్క నమ్మబుద్ధి కాలేదు? మీ ఊరివాళ్లు ఏ పేరా చూసి కాదంటారు?" అని అడగండి. ఇట్లా అడిగితే మొహమాటపడేవాళ్లు కూడా చెప్తారు, ఎందుకంటే తప్పు చెప్పమని మీరే కోరారు. చెప్పినవాళ్ల పేరు పోస్టు చివర కృతజ్ఞతతో రాయండి. అది చూసి ఇంకొకరు ముందుకొస్తారు.

మా కడపలో ఉండి ఈ మాట చెప్పకుండా ఉండలేను. బ్రౌన్ దొర 1820లో ఇక్కడికి వచ్చి, బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి ఒకదానితో ఒకటి సరిచూయించాడు. ఆయనొక్కడే కూర్చుని ఉంటే ఆ పని అయ్యేది కాదు. ఆ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలోనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కడప వచ్చినప్పుడు చెప్పండి, అక్కడే కూర్చుని మీ పాత పోస్టులు కొన్ని చూద్దాం. పక్కనే పుస్తకాలుంటే అనుమానం వచ్చినచోట లేచి తీసి చూసుకోవచ్చు.

---

చెరువుకట్ట (హిందూపురం)

నేను కొంచెం వేరేగా చెప్తాను, మాస్టారు ఏమీ అనుకోవద్దు.

పాత పోస్టులను తిరగరాసే పని పెట్టుకోవద్దు అక్కా. అదొక ఊబి, దిగితే కొత్తది ఒక్కటీ రాయలేం. లేపాక్షి పోస్టు మీరు రాసిన రోజున అది అనంతపురం జిల్లానే, ఆ మాట తప్పు కాదు. పైన ఒక్క వరుస చేర్చండి, "ఇది రాసినప్పుడు లేపాక్షి అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా" అని, చేర్చిన తేదీ కూడా వేయండి. పాత లేబుల్ ఉంచి కొత్త లేబుల్ కూడా తగిలించండి, రెండు పేర్లతో వెతికేవాళ్లకూ దొరుకుతుంది. చెప్పకుండా లోపల మార్చేస్తే మాత్రం కింద పాత వ్యాఖ్యలు రాసినవాళ్లు దేని గురించి మాట్లాడారో ఎవరికీ అర్థం కాదు. ఆ వ్యాఖ్యలు చాలా విలువైనవి, మా బ్లాగులో ఒక చెరువు గురించిన పోస్టు కంటే దాని కింద ఊరివాళ్లు రాసిన తూము కథలే ఎక్కువ ఉన్నాయి.

వారానికి ఒకటి రాయాలి, రోజూ రాయాలి అనే సలహాలు కూడా వింటుంటాం. ఉద్యోగం, పిల్లలు, వంట చూసుకుంటూ ఆ టెన్షన్ ఎందుకు? నెలకొకటి రాసినా ఊరికి వెళ్లి నలుగురితో మాట్లాడి రాసిందైతే చాలు.

యూట్యూబ్ మాటకొస్తే, ఒక ఛానెల్ వాళ్లు మా బ్లాగులోని జాతర పోస్టు మొత్తం ఉన్నదున్నట్టు చదివి వీడియో పెట్టేశారు, నా పేరు లేదు, లింకు లేదు. కడుపు మండిపోయింది. అప్పుడు ఆదుకుంది తోటి బ్లాగర్లే. ఒక్కొక్కరూ ఆ వీడియో కింద మర్యాదగా "ఇది ఫలానా బ్లాగులో ఫలానా తేదీన వచ్చింది" అని అసలు లింకుతో రాశారు. ఆర్కైవ్‌లో తేదీతో ఉన్న ప్రతి కూడా చూపించారు. తెల్లారేసరికి ఛానెల్ వాళ్లు వివరణలో నా బ్లాగు లింకు పెట్టారు. ఒక్కదాన్నే వెళ్లి అడిగి ఉంటే పట్టించుకునేవారు కాదు. అందుకని మీ గ్రూపును పూలగుత్తుల గ్రూపు అని తీసిపారేయకండి, సరిగ్గా అడిగితే వాళ్లే మీకు బలం.

ఇంకో చిన్న పని. మీరు పెనుకొండ గురించి రాస్తే నా లేపాక్షి పోస్టుకు, నేను లేపాక్షి గురించి రాస్తే మీ పెనుకొండ పోస్టుకు పేరాలోనే లింకు ఇచ్చుకుందాం. పక్కన బ్లాగుల జాబితా పెడితే ఫోన్‌లో అది ఎక్కడో అడుగున పడిపోతుంది, ఎవరూ నొక్కరు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం రాజధాని పెనుకొండకు మారిందని చదివేవాడికి, అంతకుముందు అదే వైపున లేపాక్షి గుడి ఎట్లా లేచిందో తెలుసుకోవాలని అప్పుడే అనిపిస్తుంది. సరిగ్గా అక్కడ లింకు ఉండాలి.

---

పల్లెబాట (అనంతపురం)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. లైన్ హైట్ ఇప్పుడే మార్చాను, మా అమ్మ ఫోన్‌లో చూసి "ఇప్పుడు అద్దాలు లేకుండా కూడా కనపడుతోంది" అనింది. బ్యాకప్ కూడా తీసేశాను.

హిందూపురం అక్కా, మీరు చెప్పినట్టే తిరగరాయకుండా పైన వరుస చేరుస్తాను, కానీ మాస్టారు చెప్పినట్టు ఊళ్లు, తేదీలు తప్పుపడిన చోట్ల మాత్రం సరిదిద్ది, ఏం మార్చానో కింద రాస్తాను. జిల్లా మారడం వేరు, మన్రోను గుత్తిలో చంపడం వేరు. ఆ రెండో రకం ఉంచితే మన ఊళ్లకే అన్యాయం.

గుత్తి కోట పోస్టు చిత్తుప్రతి ఒకటి తయారుగా ఉంది. తుంగభద్ర గట్టు తమ్ముడూ, పత్తికొండ మీ వైపే కదా, మీకు పంపమంటారా? మాస్టారూ, గండికోట గురించి రాసింది మీకు పంపుతాను, మొహమాటం లేకుండా ఎర్ర అక్షరాలు పెట్టండి. ఇంకొక్క ప్రశ్న. ఎవరు ఎప్పుడు కొత్తది రాశారో తెలిసేదెట్లా? ఫేస్‌బుక్ మీద ఆధారపడితే సగం కనపడవు.

---

తుంగభద్ర గట్టు (కర్నూలు)

పంపండి అక్కా, పత్తికొండలో మా మేనమామ ఉన్నాడు, ఆయనకు కూడా చదివి వినిపిస్తాను.

కొత్త పోస్టుల కోసం, అందరివీ ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్ ఒకటి వేసుకోండి, గూగుల్‌ది పోయినా ఉచితంగా వేరేవి ఉన్నాయి. బ్లాగ్‌స్పాట్ బ్లాగు అడ్రసు చివర ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అనే మూడు ఇంగ్లీషు మాటలు మధ్యలో ఏటవాలు గీతలతో (స్లాష్) చేరిస్తే అదే ఫీడ్, వర్డ్‌ప్రెస్ వాళ్లదైతే చివర ఫీడ్ అంటే చాలు. మన గ్రూపులో అందరి ఫీడ్ అడ్రసులూ ఒక ఫైలుగా చేసి రేపు పెడతాను, రీడర్‌లోకి ఒకేసారి ఎక్కించుకోవచ్చు. ఎవరి బ్లాగైనా మర్చిపోతే గుర్తు చేయండి. పాత పోస్టుల కింద స్పామ్ వ్యాఖ్యలు చానా ఉన్నాయి మీ దగ్గర, వ్యాఖ్యల సెట్టింగ్‌లో మోడరేషన్ "కొన్నిసార్లు" అని పెట్టి, పాత పోస్టులకు మాత్రమే మీ అనుమతి అవసరమయ్యేలా చేయండి. కొత్తవాటికి తెరిచే ఉంచండి, రాసిన వెంటనే కనపడితేనే జనం మళ్లీ రాస్తారు.