మా అమ్మమ్మతో అడ్డపొగ ఎలా మాన్పించాలి?

సంద్రం_ఒడ్డు:
మాది శ్రీకాకుళం జిల్లాలో తీరం పక్క ఊరు. అమ్మమ్మకు 68 ఏళ్ళు, ఎండుచేపలు అమ్ముతుంది. పెళ్ళయిన నాటి నుంచీ అడ్డపొగే. తెలియనివాళ్ళ కోసం: చుట్ట వెలిగించి నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుంటారు. సముద్రపు గాలికి ఆరిపోదు, నెత్తి మీద గంపను రెండు చేతులా పట్టుకోవచ్చు.

ఈమధ్య కూరలో కారం తగిలితే నోరు మండుతోందంటోంది. టార్చి వేసి చూశాను. అంగిలి తెల్లగా మందమైపోయి మధ్యలో ఎర్ర చుక్కలు, ఒక పక్క చిన్న పుండు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఆవిడేమో, "పొగ గుండెల్లోకి పీలిస్తే కదే పెమాదం, నాను నోట్లోనే ఉంచి ఒగ్గేస్తాను. మాయమ్మ తాగింది, ఆలమ్మ తాగింది, ఏటయింది?" అంటుంది. బీడీ కట్ట మీది బొమ్మ చూపిస్తే "అది మగోల్లకి" అంది. తను కొనే చుట్టలు బడ్డీ కొట్లో విడిగా అమ్ముతారు, వాటి మీద ఏ బొమ్మా ఉండదు. తిట్టడానికి మనసు రావడం లేదు. ఆకలి వేళ, చలి వేళ తోడున్నది అదేనంటుంది. ఎలా చెప్పాలి?

పళ్ళ_డాక్టరమ్మ:
ముందు పుండు సంగతి చూడండమ్మా. రెండు వారాలకీ మానకపోతే పెద్దాసుపత్రిలో చూపించి తీరాలి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తెల్లమచ్చలన్నీ క్యాన్సర్ కావు, ఆ మాట కూడా ఆవిడకు చెప్పండి. పొగ మింగకపోయినా నిప్పు వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికే. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి 1971లో అచ్చువేసిన అధ్యయనం ఈ అంగిలి మచ్చల మీదే. ఊపిరితిత్తుల మాట ఎత్తకండి. ఆవిడ నోరు ఆవిడకే చూపించండి.

తునికాకు:
మాది నిజామాబాద్ జిల్లా, అమ్మ బీడీలు చుడుతది. "సిగరెట్ల మందులు కలుపుతరు, బీడీ అంటే ఆకే గదా" అనేటోడు నాన్న. తునికాకుల నుంచి గాలి సరిగ రాదు, గట్టిగ గుంజాలె. తారు, నికోటిన్ సిగరెట్టు కన్నా ఎక్కువే లోపలికి పోతయి. పొగాకు మాన్పించేటందుకు సర్కారు పెట్టిన నంబరు 1800-11-2356కు ఫోన్ చేసినం, పైసలు పడవు. పొద్దున చాయ్ తాగినంక మొదటి బీడీ మానుడే కష్టమైంది. అప్పుడు నోట్ల సోంపు వేసుకునేటోడు.

సంద్రం_ఒడ్డు:
డాక్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఫోన్‌తో అంగిలి ఫోటో తీసి పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూసింది. "ఇది నాదేనేటే?" అంది. వేలు పెట్టి తడుముకుంది. వేట నిషేధం వచ్చాక వెళ్దామని మొదట అంది, అప్పుడైతే బేరం పోదని. అంతవరకూ ఆగకూడదని బతిమాలాను. మంగళవారం మొదటి బస్సుకు వెళ్తున్నాం. చుట్ట ఇంకా మానలేదు, నిన్న మూడు కాల్చింది. సోంపు పొట్లం మాత్రం కొంగున కట్టుకుంది.