పొలం ఫొటోలో కరెంటు స్తంభం: తీసేయాలా, ఉంచాలా?

గట్టుమీద

నమస్కారం అండీ. నిన్న పొద్దు పొడిచేటప్పుడు తీసిన ఫొటో పెడుతున్నాను. ఫోన్లో చూసేవాళ్లకు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ఏముందో చెబుతాను. ఎడమ కింది మూల నుంచి కాలిబాట లోపలికి పోతుంది. కుడివైపు ఒంటరి చెట్టు, దాని పక్కనే సూర్యుడు. చెట్టు ముందు నీళ్లు పెట్టిన మడి, అందులో చెట్టు నీడ. చెట్టుకు ఎడమ పక్కన, బాగా వెనకగా, ఒక కరెంటు స్తంభం. దాని మీంచి మూడు తీగలు ఆకాశానికి అడ్డంగా పోతున్నాయి. 24 ఎం.ఎం. వెడల్పు లెన్సు, ఎఫ్/16 (అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నదిగా), 1/60 సెకను, ఐఎస్ఓ 100. క్రాప్ చేయలేదు, అంటే అంచులు కోయలేదు, రంగులు మాత్రం పెంచాను. రా ఫైలు, అంటే కెమెరా ఏ మార్పూ లేకుండా దాచిన అసలు ఫైలు, కూడా పెట్టాను.

అక్కడ నిలబడ్డప్పుడు కదలబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి తెర మీద చూస్తే అదేదో పోయింది, ఏం పోయిందో తెలియడం లేదు. ఇంట్లో అందరూ "ఆ స్తంభం లేకపోతే ఎంత బాగుండేదో" అంటున్నారు. తీసేయమంటారా?

పచ్చిక

తీసేయండి. రంగులు కూడా తగ్గించండి, గడ్డి అంత పచ్చగా ఎక్కడా ఉండదు.

రసమట్టం

స్తంభం సంగతి తర్వాత. ఫొటో ఒరిగింది. స్తంభం కొన కుడికి ఒక డిగ్రీ వాలింది, దూరాన పొలం అంచు కూడా కుడికే దిగుతోంది. ముందు అది సరిచేయండి, మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

చీకటిగది

గట్టుమీద గారూ, ఆ వెలుతురు కోసం అంత పొద్దున్నే లేచి వెళ్లారు, సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం చెబుతాను.

ఆకాశానికి సగం, నేలకు సగం ఇచ్చారు. ఆకాశంలో సూర్యుడు తప్ప ఏమీ లేదు, మబ్బు తునక కూడా లేదు. పైనుంచి కోసేసి నేలకు మూడింట రెండు వంతులు ఇవ్వండి. సూర్యుడి చుట్టూ తెల్లగా కాలిపోయింది. రా ఫైల్లో హైలైట్లు (బాగా వెలుగున్న చోట్లు) కిందికి లాగి చూశాను, అంచుల్లో కొంచెం రంగు తిరిగొచ్చింది. నడిమధ్యలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండిపోయాయి, అక్కడ ఇక తిరిగొచ్చేదేమీ లేదు. ఈసారి ఒక స్టాప్ తక్కువ పెట్టి, అంటే వెలుగు సగానికి తగ్గించి తీసి, నీడల్ని ఇంట్లో లేపుకోండి. అదీ మొత్తం ఫొటోకు కాదు, బ్రష్షుతో కాలిబాట మీద మాత్రమే. స్లైడరు మొత్తంగా తోస్తే వెనకాల ఉన్న ఆ సన్నటి మంచు పలచబడి పోతుంది.

ఫొటోను వంద శాతానికి పెంచి చెట్టు అంచు చూడండి. కొమ్మల చుట్టూ తెల్లటి గీత కనబడుతుందా? అది క్లారిటీ, అంటే అంచుల్లో వెలుగునీడల తేడా పెంచే స్లైడరు, ఎక్కువైతే వచ్చేది. ఎఫ్/16 కూడా అక్కర్లేదు. రంధ్రం అంత చిన్నదైతే వెలుగు వంగి చెదురుతుంది, ఆ డిఫ్రాక్షన్ వల్ల ఆకులు కాస్త మెత్తబడ్డాయి. 24 ఎం.ఎం. దగ్గర ఎఫ్/8 పెట్టి రెండున్నర మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, మీటరున్నర నుంచి దిగంతం దాకా అన్నీ తేటగానే వస్తాయి.

ఇక స్తంభం. తీసేయండి, సందేహమే వద్దు. పది నిమిషాల పని. నేనే చేసి కింద పెట్టాను, తీగలు కూడా తీసేశాను. చూడండి చెట్టుకు ఎంత ఊపిరి ఆడుతోందో.

గట్టుమీద

అబ్బ, చాలా తేడా వచ్చిందండీ! ధన్యవాదాలు.

ఒక్కక్లిక్

చీకటిగది గారు వెలుతురు గురించి చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. స్తంభం గురించి చెప్పింది ఒప్పుకోను. గట్టుమీద గారూ, ఆ మడి మీకు దూరమా? కాకపోతే మళ్లీ వెళ్లండి. స్తంభం చెట్టుకు వెనకాల ఉంది. మీరు కుడికి జరిగితే అదీ కుడికి జరుగుతున్నట్టు కనబడి చెట్టు చాటుకు పోతుంది. ఎన్నడుగులో అక్కడే తెలుస్తుంది. కాళ్లతో సరిచేయగలిగిన దాన్ని మౌసుతో సరిచేస్తే, వచ్చేసారి కూడా అక్కడే నిలబడతారు.

మూడోకాలు

మూడింట రెండు వంతులు అనగానే ఒక మాట. ఈ మూడో వంతు సూత్రానికి ఆ పేరు పెట్టి రాసింది ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్, 1797లో, అదీ పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలోనే. కెమెరా పుట్టక ముందు మాట. ఆకాశానికి మూడో వంతైనా ఇవ్వు, రెండు వంతులైనా ఇవ్వు అన్నాడు. అయితే ఈ ఫొటోలో నీళ్లలోని చెట్టు పైనున్న చెట్టుకు జోడీ. నీడలున్నచోట సగం సగం కూడా నిలబడుతుంది. కోసేముందు ఒకసారి ఆలోచించండి.

రసమట్టం

నా మాట ఎవరూ పట్టించుకోలేదు. ఫొటో ఇంకా ఒరిగే ఉంది. వెడల్పు లెన్సులో నిలువు గీతలు వాలతాయి అంటారేమో. కెమెరాను పైకో కిందికో వంచితేనే అవి వాలేది. క్రాప్ చేయని ఫొటోలో దిగంతం సరిగ్గా మధ్యలో ఉందంటే కెమెరా పైకీ కిందికీ వంగలేదు. అంటే స్తంభం వాలిందంటే కెమెరా పక్కకు ఒరిగినట్టే. సరిచేసే ఆధారం అదొక్కటే ఉంటే, దాన్నే చెరిపేసి కూర్చున్నారు.

వానచినుకు

రసమట్టం గారూ, స్తంభమే వాలి ఉండొచ్చు కదా. పొలం అంచు నిజంగానే పల్లంలోకి దిగొచ్చు. నీళ్లలో చూడండి. వస్తువునూ, కదలని నీళ్లలో దాని నీడనూ కలిపే గీత ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది. చెట్టు చిటారు కొమ్మ నుంచి నీళ్లలో దాని కొన దాకా గీత గీశాను. ఫ్రేము అంచుకు సమాంతరంగా ఉంది. ఫొటో ఒరగలేదు.

రసమట్టం

నీళ్లు కదిలి ఉంటే?

ఒక్కక్లిక్

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చీకటిగది గారు సరిచేసి పెట్టిన ఫొటోలో నీళ్లు చూశాను. మీరూ పెంచి చూడండి. మడి కింది అంచు దగ్గర, చెట్టు నీడకు ఎడమగా, మూడు సన్నటి నల్లగీతలు. పైన ఆకాశంలో తీగల్లేవు. కింద నీళ్లలో ఉన్నాయి.

పది నిమిషాల పని అన్నారు. ఆ పది నిమిషాల్లో నీళ్లకేసి ఒక్కసారైనా చూశారా? చెరపడం అలవాటైన కంటికి చూడడం పోతుంది. నేను అనేది ఎప్పటినుంచో ఇదే.

పచ్చిక

అయ్యో నిజమే. నాకూ కనబడలేదు.

చీకటిగది

సరే, నీళ్లలో మర్చిపోయాను. తప్పు నాదే, ఇప్పుడే అవీ తీసి మళ్లీ పెట్టాను. ఒక పొరపాటు పట్టుకుని పద్ధతినంతా తప్పుబట్టడం న్యాయం కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1944లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ ఊరి నుంచి సియెర్రా నెవాడా కొండల మీద తీసిన శీతాకాలపు సూర్యోదయం మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరి బడి పిల్లలు కొండవాలు మీద సున్నం పూసిన రాళ్లతో ఎల్, పీ అని పెద్ద అక్షరాలు పేర్చారు. ఆడమ్స్ వాటిని నెగటివ్ మీదే చెరిపాడు. ప్రింటులో ఆనవాలు మిగిలితే కుంచెతో కప్పాడు. అలా చేశానని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు చూడడం రాదంటారా?

అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందు నుంచీ ఇదే కథ. 1850లలో ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒకటి తీసి కలిపి ముద్రించాడు. అప్పటి గాజు ప్లేట్లు ఎక్కువగా నీలం వెలుగుకే స్పందించేవి. నీళ్లు సరిగా వచ్చేంతసేపు తెరిస్తే ఆకాశం మొత్తం కాలిపోయేది. రెండు కలిపితేనే కన్ను చూసినట్టు వచ్చింది. ఫొటో క్లిక్కుతో పూర్తవుతుందని ఎవరు చెప్పారు మీకు?

తెల్లకాగితం

జర్మన్ ఫొటోగ్రాఫర్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ నది ఫొటోలో అవతలి ఒడ్డు కట్టడాలు కంప్యూటర్లో తీసేసినవే. 2011లో వేలంలో దాని ధర 43 లక్షల డాలర్లు దాటింది.

ఒక్కక్లిక్

డబ్బు ఎంత పలికితే ఏం లెండి. 2012లో బ్రిటన్ లాండ్‌స్కేప్ పోటీలో మొదటి బహుమతి వచ్చిన ఫొటోకు మబ్బులు చేర్చారని తేలి, ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. అలా చేర్చకూడదన్న నియమం ఊరికే పెట్టారా?

నా సంగతీ చెబుతాను. ఆరేళ్ల కిందట ఒక పోటీకి నేను పంపిన ఫొటో కోసం పదకొండు ఉదయాలు ఒకే గట్టు మీద నిలబడ్డాను. పదకొండోనాడు మంచు నేను కోరుకున్న ఎత్తులో ఆగింది. బహుమతి వచ్చిన ఫొటోలో మబ్బుల మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది, నేల మీద గడ్డి నీడలు కూడా ఎడమకే పడుతున్నాయి. రెండు సూర్యుళ్లు ఉంటే తప్ప అలా జరగదు. రాసి పంపాను. జవాబు రాలేదు. ఆ తర్వాత పోటీలకు పంపడం మానేశాను. పంపడం మానేశాను కానీ ఆ కోపం మానలేదు, ఒప్పుకుంటాను.

చీకటిగది

అది మోసం, అందులో రెండో మాట లేదు. గట్టుమీద గారు పోటీకి పంపుతున్నారా? మీ కోపం తెచ్చి ఇక్కడ వీరి మడిలో పోస్తున్నారు.

"మళ్లీ వెళ్లండి" అన్న మాట మీకు సులువు. నాకు మోకాళ్లు రెండూ పోయి నాలుగేళ్లయింది. గట్టు మీద నడవలేను. చప్టా మీద కర్రతో వంద గజాలు, అంతే. నా దగ్గర పద్దెనిమిది పెట్టెల నెగటివ్‌లున్నాయి. అప్పట్లో ఉద్యోగం, సెలవులు, తిరుగు బస్సు, ఏదో ఒకటి తొందరపెట్టేది, ఉన్న చోట నిలబడి నొక్కేసేవాణ్ణి. ఆ చోట్లకు నేను ఇక వెళ్లను. ఆ ఫొటోల్లో అడ్డమొచ్చిన తీగ నేను ఇప్పుడు చెరపకపోతే ఎప్పటికీ అడ్డమే. రోజూ మూడు నాలుగు గంటలు కూర్చుని ఒక్కొక్కటే వెలుగులోకి తెస్తున్నాను. దాన్ని మీరు చూడడం రానివాడి పని అంటే ఊరుకోను.

మూడోకాలు

ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఒక్కక్లిక్

చీకటిగది గారూ, మోకాళ్ల సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఆ మాట అలా అనను. క్షమించండి.

స్తంభం విషయంలో మాత్రం మాట మార్చుకోను, ఎందుకో కూడా చెప్పాలి. నేను మొదటి రెండేళ్లూ "ఇంట్లో తీసేద్దాంలే" అనుకుంటూనే తీశాను. ఒకరోజు పాత ఫొటోలన్నీ ముందేసుకుని చూస్తే అన్నీ ఒకే ఎత్తు నుంచి, ఒకే దూరం నుంచి ఉన్నాయి. నా కన్ను ఎక్కడా వంగలేదు, కూర్చోలేదు. అడ్డమొచ్చినదాన్ని అక్కడే ఎదుర్కోవాల్సి వచ్చాకే నేను జరగడం నేర్చుకున్నాను. మీది పూర్తయిన జీవితంలోంచి తీసిన ఫొటోను బాగు చేసుకోవడం. గట్టుమీద గారిది నేర్చుకునే దశ. ఇద్దరికీ ఒకే సలహా ఎలా సరిపోతుంది?

చీకటిగది

"పూర్తయిన జీవితం" అనకండి, ఇంకా ఉన్నాను. మిగతాది ఆలోచిస్తాను. అయినా ఇద్దరం ఒక్కటి మాత్రం అడగలేదు. గట్టుమీద గారూ, ఆ పొద్దున అక్కడ మిమ్మల్ని ఆపింది ఏమిటి? చెట్టా, బాటా, సూర్యుడా?

గట్టుమీద

ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. మీరు అడిగినదానికి జవాబు తెలియక మళ్లీ వెళ్లాను, రెండుసార్లు.

మొదటిసారి ఒక్కక్లిక్ గారు చెప్పినట్టు కుడికి జరిగాను. తొమ్మిదడుగులకు స్తంభం చెట్టు మొదలు చాటుకు పోయింది. తీగలు మాత్రం పోలేదు. చెట్టు తలలోంచే మూడు తీగలు పుట్టుకొచ్చినట్టు కనబడింది, ముందుకంటే ఘోరం. రసమట్టం గారూ, స్తంభం నిజంగానే వాలి ఉంది, దారం కట్టి చూశాను.

రెండోసారి కెమెరా సంచిలోనే ఉంచి మడి పక్కన కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. మొదటిరోజు నన్ను ఆపింది ఆకాశం కాదు, నీళ్లు. గాలి లేనప్పుడు మూడు తీగలూ నీళ్లలో గీత గీసినట్టు ఉంటాయి. చిన్న అల వస్తే మొదట దగ్గరి తీగ వణుకుతుంది, తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. అల పోయాక అదే వరసలో మళ్లీ సూటిగా అవుతాయి. ఆ రోజు నేను చూస్తూ నిలబడింది అదే. తీసేటప్పుడు మాత్రం కనబడ్డవన్నీ పట్టాలని 24 ఎం.ఎం. పెట్టేసి, దాన్ని గోరంత చేశాను.

ఇప్పుడు తీసింది పెడుతున్నాను. 70 ఎం.ఎం., ఎఫ్/11, 1/15, ట్రైపాడ్ మోకాలి ఎత్తులో. సూర్యుడు ఫ్రేములో లేడు. అసలు చెట్టు కూడా మొదలు మాత్రమే ఉంది, మిగతా చెట్టంతా నీళ్లలోనే. రంగులు ముట్టుకోలేదు.

పచ్చిక

ఇది మీదే అని చెప్పకపోతే నమ్మను.

చీకటిగది

ఈ తీగలు నేను చెరపను. నీళ్ల మీద వెలుగు కుడివైపు ఎక్కువైంది, ఒక వైపు నుంచి క్రమంగా వెలుగు తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరుతో అర స్టాప్ దించండి, చూపు తీగల దగ్గర ఆగుతుంది. ఎడమ అంచున స్తంభం నీడ ముక్క తెగిపడి ఉంది చూడండి, బొటనవేలంత. అదొక్కటి చెరపండి.

ఒక్కక్లిక్

చాలా బాగుందండీ. ఎడమ అంచు ముక్క నాకూ కనబడింది. చెరపొద్దు, ఎడమ నుంచి కొంచెం కోయండి.

చీకటిగది

కోస్తే మూడో తీగ వంగే చోటు పోతుంది. అది పోతే అల ఎటు నుంచి వచ్చిందో తెలియదు.

ఒక్కక్లిక్

కోసి చూశాను. మీరన్నది నిజమే, పోతోంది. అయితే ఆ ముక్కను అలాగే ఉంచండి గట్టుమీద గారూ, పైన స్తంభం ఉందని అదే చెబుతుంది.

గట్టుమీద

రేపు రెండు రకాలుగానూ ప్రింటు వేయించి గోడకు ఆనించి చూస్తాను. చీకటిగది గారూ, ఆ నెగటివ్‌లలో మడి, నీళ్లు ఉన్నవి ఏమైనా ఉంటే ఒకటి పెట్టండి. చెరపక ముందుది.